గేటు దాటిన బండి

సోమందేపల్లి దాటాక ఎండ ఎడమ చెంప మీదికి వచ్చింది. ఇన్నేళ్లు ఇదే దారిలో బస్సులో పోతూ, ఆ ఎండ తగలకుండా కుడివైపు సీటు కోసం జనాన్ని తోసుకుని ఎక్కినవాడు నబీసాబ్. ఈ సోమవారం నుంచి మాత్రం ఆ ఎండ కూడా అతనికి బాగానే ఉంది. హెల్మెట్ అద్దం పైకెత్తి, కళ్లు చికిలించి, రోడ్డు అంచున తెల్లగీతను పట్టుకుని బండిని నిదానంగా పోనిస్తున్నాడు.

పెనుకొండ నుంచి హిందూపురానికి బస్సు కంటే అతనికే ఎక్కువసేపు పడుతోంది. కొత్త ఇంజనును మొదట్లో తరమకూడదు. షోరూములో బండి కొన్న ప్రతి మనిషికీ ఆ మాట చెప్పి పంపింది తనే. లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ వాళ్ల ఏసీ బస్సులు పక్కనుంచి పోతుంటే ఆ గాలి విసురుకు బండి ఊగుతోంది. ఊగినప్పుడల్లా మోకాళ్లతో ట్యాంకును ఒత్తి పట్టుకుంటున్నాడు. సైలెన్సరు మీది రంగు వేడికి కాలే వాసన. సీటుకు ఇంకా తీయని ప్లాస్టిక్ కవరు ప్యాంటుకు అతుక్కుని కిర్రుమనే చప్పుడు. హ్యాండిల్ నుంచి మోచేతుల దాకా పాకే సన్నని వణుకు. ఇవన్నీ అతనికి కొత్త.

చెబితే ఎవరూ నమ్మరు గానీ, ఆ షోరూము తెరిచినప్పటి నుంచి అక్కడ అమ్ముడైన ప్రతి బండి మీదా మొదట కూర్చున్నవాడు నబీసాబే. లారీలో వచ్చిన బండి దుమ్ము కడిగి, జిడ్డు తుడిచి, చక్రాలకు నలుపు పట్టించి, రేకుల షెడ్డు నుంచి ముందున్న గచ్చు మీదికి తెచ్చి నిలబెట్టేది అతనే. అంతవరకే. అక్కడ దిగి తాళం చెవి ఇచ్చేసేవాడు. మీటరులో సున్నా తప్ప ఇంకో అంకె చూసే పని అతనికెప్పుడూ పడలేదు. ఇప్పుడు తన బండి మీటరు తిరుగుతోంది. అంకె మారినప్పుడల్లా కొంత సంతోషం, కొంత దిగులు. మొన్న మడ్‌గార్డు మీద మొదటి బురద చుక్క పడింది. నిన్న క్లచ్ లివరు మీద తన వెండి ఉంగరం ఒక గీత గీసింది. ఊళ్లో అందరి బండ్లనూ కొత్తగా చూసిన మనిషికి, ఒక బండి పాతబడటం దగ్గరుండి చూడటం ఇదే మొదలు. ఇంటికి పోయి ఉంగరం తీసి భార్య రాబియాకు ఇచ్చేశాడు.

షోరూముకు చేరి, బండిని కస్టమర్ల బండ్ల వరసలో కాకుండా వెనక షెడ్డు నీడలో పెట్టి, మీద పాత చీర ముక్క ఒకటి కప్పాడు. తాళాలు తీస్తున్న కావ్య చూసి నవ్వింది. కౌంటరులో కూర్చుని బిల్లులు రాసేది, బండి తీసుకునేవాళ్లకు ఫోటోలు తీసేది ఆ పిల్లే.

"ఏం మామా, ముసుగేసినావు? పెండ్లికూతురా ఏమి?"

"దుమ్ము పడతాదమ్మా."

"పడనీ. కడిగేది నీకేమన్నా కొత్తనా?"

నబీసాబ్ కూడా నవ్వి, రబ్బరు బూట్లు తొడుక్కుని, పైపు విప్పుకున్నాడు.

అతని వేళ్లు ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి. గోళ్ల చుట్టూ చర్మం తెల్లబడి, చలికాలంలో చీలుతుంది. నీళ్లతో అతని సహవాసం ఈ షోరూముతో మొదలైంది కాదు. పుట్టింది ధర్మవరంలో. తండ్రి పట్టునూలుకు రంగులద్దేవాడు. కాగే రంగునీళ్ల తొట్టి మీద వంగి, కర్రకు వేసిన నూలును తిప్పుతూ తిప్పుతూ నబీసాబ్ పెద్దవాడయ్యాడు. ఆ రోజుల్లో అతని చేతులు మోచేతుల దాకా ఒకసారి ఎర్రగా, ఒకసారి ఆకుపచ్చగా ఉండేవి. పెళ్లిచూపులకు రాబియా వాళ్లింటికి పోయినప్పుడు నెమలికంఠం రంగు చేతులతో పోయాడు. ఎంత రుద్దినా పోలేదు. రాబియా తలెత్తి చూసింది ఆ చేతులనే. రంగులద్దే మిషన్లు వచ్చాక తండ్రి తొట్టిని ఎవరో కొనుక్కుని ఇంటి మీద నీళ్ల ట్యాంకుగా పెట్టుకున్నారు. రాబియా అన్న పిలిస్తే పెనుకొండకు వచ్చి లారీలు కడిగాడు. అక్కడినుంచి ఈ షోరూముకు. రంగు పట్టించే పని పోయి, మురికి వదిలించే పని వచ్చింది. కూతురు దిల్షాద్‌ను మళ్లీ ధర్మవరానికే ఇచ్చారు. అల్లుడు చీరల అంగట్లో పని చేస్తాడు.

బండి కొనాలని నబీసాబ్ ఎప్పుడూ అనుకోలేదు. అనుకునేలా చేసింది మేనేజరు జయచంద్ర.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అతన్ని లోపలికి పిలిచాడు. ఏసీ గది. ఇన్నేళ్లలో ఆ గదిలోకి తుడవడానికే పోయాడు గానీ కూర్చోవడానికి పోలేదు. ఆ రోజు జయచంద్ర కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"బస్సు లేటయింది, బస్సు దొరకలేదు అని ఇంకెన్నాళ్లు చెప్తావు నబీసాబ్? ఇన్ని బండ్లు కడిగినావు. నీకంటూ ఒక బండి ఉండద్దా?"

"నాకెందుకు సార్ బండి? ఈ వయసులో."

"ఏం వయసు? స్టాఫుకని తగ్గించి ఇప్పిస్తా. బ్యాంకు కంతు నెలనెలా జీతంలోనే పట్టుకుంటారు. నీ చేతిలోంచి ఇచ్చినట్టు కూడా తెలీదు. ఇంటామెను ఎనక కూర్చోబెట్టుకుని పోతాండావనుకో, ఎట్లుంటాది?"

ఆ చివరి మాట అతన్ని పట్టుకుంది. దిల్షాద్‌ను చూడాలంటే రాబియా పెనుకొండ బస్టాండులో గంటల తరబడి నిలబడేది. మోకాళ్ల నొప్పి మనిషి. కిక్కిరిసిన బస్సు మెట్టు ఎక్కలేక రెండుసార్లు తిరిగి ఇంటికి వచ్చేసింది. నబీసాబ్ ఆ రాత్రి ఆ గదిలో జరిగిన మాటలన్నీ ఆమెకు చెప్పాడు. తెల్లారి రొట్టెలు కాలుస్తూ, "ఏ రంగుది తీసుకుందామంటావు?" అని అడిగింది.

సోమవారం అతని బండిని అతనే కడిగాడు. అతనే తుడిచి, అతనే గచ్చు మీదికి తెచ్చాడు. తర్వాత చేతులు ఆరబెట్టుకుని కస్టమరు నిలబడే చోట నిలబడ్డాడు. రాబియా పెళ్లిళ్లకు వేసుకునే బురఖా వేసుకుని బస్సులో వచ్చింది. కావ్య అలవాటుగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మళ్లీ నాలుక కరుచుకుని తీయబోయింది. "ఉండనీలే అమ్మా, అందరికీ పెట్టేవే గదా," అన్నాడు నబీసాబ్. అట్టతో చేసిన పెద్ద తాళం చెవిని జయచంద్ర ఇద్దరి చేతుల్లో పెట్టి చప్పట్లు కొట్టాడు. "ఈ నెల టార్గెటుకు ఒక్క బండి తక్కువ పడింటే మన నబీసాబ్ నింపినాడు," అన్నాడు. అందరూ నవ్వారు. నబీసాబ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఈ రోజు పొద్దున మడకశిర వైపు నుంచి నాగప్ప అనే రైతు, భార్య జయమ్మ వచ్చారు. నాగప్ప ఒక్కొక్క బండి చుట్టూ తిరిగి, హ్యాండిల్ పట్టుకుని ఊపి, ఎద్దును చూసినట్టు వంగి కిందంతా చూశాడు. ఎటూ తేల్చుకోలేక, పైపు పట్టుకుని నిలబడిన నబీసాబ్ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, లోపలోళ్లు అన్నీ మంచియే అంటారు. నువ్వు చెప్పు. ఏది తీసుకోవాల?"

ఇట్లా అడిగినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. అప్పుడల్లా "లోపల అడగండి సార్" అని తప్పుకునేవాడు. ఈసారి పైపు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, షెడ్డులోకి తీసుకుపోయి చీర ముక్క తొలగించాడు.

"నాది ఇదే బండి. సోమవారం తీసుకుంటి. పెనుకొండ నుంచి దీని మీదే వస్తాండా."

"బాగుండాదా?"

"బాగుండాది. ఎనక కూర్చునేవాళ్లకు సుఖం. ఆడోళ్లకు కాలు పెట్టుకునేదానికి పట్టీ ఈ బండికే వెడల్పు."

జయమ్మ వంగి ఆ పట్టీని చేత్తో తడిమి చూసింది. నాగప్ప తల ఊపాడు. "దుడ్లు పోసి కొన్నోడు బాగలేదని చెప్తాడా ఏమి," అంటూనే లోపలికి పోయి అదే రకం బండికి డబ్బు కట్టాడు. అతను లోపలికి పోయేదాకా నబీసాబ్ తన బండి పక్కనే నిలబడి చూశాడు. ఆ పూట అతనికి అన్నం కూడా రుచిగా అనిపించింది.

మధ్యాహ్నం దాటాక ఎవరో ఇద్దరు వచ్చి షెడ్డులో టేపు పట్టి కొలతలు తీసుకున్నారు. "ఈ కొళాయి తీసేయాల, మిషను ఈ మూలకు వస్తాది" అని ఒకడు కన్నడంలో అన్నాడు. హిందూపురంలో ఇన్నేళ్లు పని చేసిన నబీసాబ్‌కు ఆ మాత్రం కన్నడం తెలుసు. మిషను వస్తే చెయ్యి నొప్పి తగ్గుతుందనుకున్నాడు. నాగప్ప బండికి షాంపూ పట్టిస్తుండగా జయచంద్ర పిలిపించాడు.

"కూచో నబీసాబ్."

ప్యాంటు తడిసి ఉండటంతో నబీసాబ్ కూర్చోలేదు.

"ఒకటో తేదీ నుంచి వాటరు సర్వీసు కాంట్రాక్టుకు ఇచ్చేసినారప్పా. బెంగుళూరోళ్లు. మిషన్లు వాళ్లవే, మనుషులూ వాళ్లవే. ఓనరు తీసుకున్న నిర్ణయం. నా చేతిలో ఏం లేదు."

"అట్లయితే నేను యాడ చేయాల సార్?"

జయచంద్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "నీకు ఈ నెల జీతం పూర్తిగా ఇచ్చేస్తారు. రేపట్నుంచి రాకున్నా పర్వాలేదు."

ఏసీ గాలికి తడి ప్యాంటు కాళ్లకు చల్లగా తగులుతోంది. నబీసాబ్ అడిగాడు:

"ఇది ఎప్పుడు అనుకున్నారు సార్?"

"అది... పోయిన నెలే అనుకున్యారు."

"నేను బండి తీసుకునింది మొన్న సోమవారం గదా సార్."

"దానికీ దీనికీ సంబంధం ల్యా నబీసాబ్. అది నీ సొంతం. నీకొక వస్తువు ఏర్పడింది, అట్ల అనుకో."

"జీతంలో పట్టుకుంటామంటిరి."

"ఇంగ బ్యాంకోళ్లే నేరుగా నీ దగ్గర తీసుకుంటారు. నీలాంటి పనోనికి పని దొరక్కపోతాదా?"

నబీసాబ్ గొంతు తగ్గించాడు. గొంతు పెంచడం అతనికి ఎప్పుడూ రాలేదు. "బండి వాపసు తీసుకోండి సార్. ఒక్క గీత ల్యా. సీటు కవరు కూడా తీయలే."

ఒక్క గీత లేదనేటప్పుడు క్లచ్ లివరు మీది ఉంగరపు గీత గుర్తొచ్చి తల దించుకున్నాడు.

"ఎట్ల తీసుకుంటారప్పా?" జయచంద్ర నిజంగానే జాలిగా అన్నాడు. "నీకు తెలీనిదా? గేటు దాటిందంటే ఆ బండి సెకండ్ హ్యాండే. సగానికి సగం పోతాది."

తెలుసు. ఎందరో కస్టమర్లతో జయచంద్ర ఆ మాట అంటుంటే షెడ్డులోంచి విన్నాడు. అందులో అన్యాయం ఉందని అతనికి ఎప్పుడూ తోచలేదు.

బయటికి వచ్చాడు. నాగప్ప బండి మీద షాంపూ సగం ఆరి తెల్లటి మరకలు కట్టింది. అట్లాగే వదిలేసి పోవచ్చు. ఒక్క క్షణం అదే అనుకున్నాడు. పైపు అందుకుని, మరకలు పోయేదాకా కడిగి, తుడిచి, చక్రాలకు నలుపు పట్టించి గచ్చు మీదికి తెచ్చాడు. పని మీద ప్రేమతో కాదు. ఆ గదిలోంచి వచ్చాక చేతులకు ఏదో ఒకటి కావలసి వచ్చింది, అంతే. కావ్య నిమ్మకాయలు పెట్టింది. నాగప్ప, జయమ్మ అట్ట తాళం పట్టుకుని ఫోటో దిగారు. జయచంద్ర చప్పట్లు కొట్టాడు.

నాగప్ప బండెక్కబోతూ మిఠాయి పెట్టెలోంచి ఒక లడ్డు తీసి నబీసాబ్ చేతిలో పెట్టాడు.

"నీ మాట మీదే తీసుకుంటాండా అప్పా. లోపలోళ్ల మాట మీద కాదు."

నబీసాబ్ చేతిలోని లడ్డు వైపు చూశాడు. ఏదో అనాలి. ప్రతివాడికీ చెప్పే మాటే నోటికి వచ్చింది. "మొదట్లో నిదానంగా తోలప్పా," అన్నాడు. బండి గేటు దాటింది. నలిగిన నిమ్మకాయలు ఏరి పారేసి, గచ్చు కడిగి, చీపురు మూలకు పెట్టాడు. పోతూ కౌంటరు వైపు చూశాడు. కావ్యకు అప్పటికే తెలిసినట్టుంది. కంప్యూటరు మీది నుంచి తల ఎత్తలేదు.

తిరుగుదారిలో ఎండ మళ్లీ ఎడమవైపే ఉంది. ఆ రోజు లారీలు దాటిపోలేదు. అతనే లారీలను దాటాడు. ఇంజను రొద పెరిగి, హ్యాండిల్ వణికి, మీటరు ముల్లు అతనెన్నడూ చూడని చోటికి పోయింది. సోమందేపల్లి దగ్గర ఒక కుక్క అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేసి, రోడ్డు పక్కన ఆగిపోయాడు. తర్వాత మళ్లీ తెల్లగీత పట్టుకుని నిదానంగా ఇంటికి చేరాడు.

రాబియా తయారై వాకిట్లో కూర్చుని ఉంది. గురువారం బాబయ్య దర్గాకు పోయి ఫాతెహా చదివించేదాకా సీటు కవరు తీయకూడదని నియమం పెట్టింది ఆమే. చక్కెర పొట్లం, అగరుబత్తీలు, పూలు సంచిలో సిద్ధంగా ఉన్నాయి. అతని ముఖం చూసి, "అలసిపోయినావా? టీ తాగి పోదామా?" అంది. "ఒద్దులే, కూచో," అన్నాడు.

దర్గా ముందు, అక్కడ సేవ చేసే ముజావరు నెమలి ఈకల కట్టతో హెడ్‌లైటును, ట్యాంకును నిమిరి, హ్యాండిల్‌కు గులాబీల దండ చుట్టాడు. రాబియా చక్కెర పంచింది. తర్వాత వంగి, సీటు మీది ప్లాస్టిక్ కవరును చింపకుండా, అంచులు ఒక్కొక్కటే విప్పి తీసి, మడిచి సంచిలో పెట్టుకుంది. కొత్త సీటు నల్లగా మెరిసింది. దాని మీద ఒకసారి అరచెయ్యి వేసి చూసుకుంది.

ఊళ్లోకి వచ్చే దారిలో ఆమె అతని భుజం పట్టుకుని చెవి దగ్గర మాట్లాడుతూనే ఉంది. ఆదివారం పొద్దున్నే బయలుదేరితే ఎండ ఎక్కకముందే ధర్మవరం చేరొచ్చు. దిల్షాద్‌కు చెప్పకుండా పోవాల. వాకిట్లో హారన్ కొట్టాల. ఎవరా అని బయటికి వస్తాది గదా, అప్పుడు చూడాల దాని మొగం.

"పనిలోంచి తీసేసినారు," అన్నాడు నబీసాబ్.

గాలికి ఆమెకు సరిగా వినిపించలేదు. "ఏమి?"

బండి వేగం తగ్గించి మళ్లీ చెప్పాడు. బెంగుళూరు వాళ్ల సంగతి, మిషన్ల సంగతి, అన్నీ చెప్పాడు. భుజం మీది చెయ్యి కదల్లేదు.

"బండి అమ్మేటప్పుడు వాళ్లకు తెలుసునా?"

"తెలుసు."

"నీకు టీ ఇచ్చినారని చెప్తివే. ఆ పొద్దు?"

"ఆ పొద్దే తెలుసు."

కొంచెం దూరం పోయాక రాబియా, "ఆపు," అంది. ఆగాక, ఒక చేత్తో మోకాలు పట్టుకుని కిందికి దిగింది.

"ఏమైంది?"

"నడిచి పోదాం రా. ఊరికే పెట్రోలు కాల్చేదెందుకు? యాడికి తొందర మనకు ఇంగ?"

"నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి వాళ్లకు తెలిసినంత నీకు తెలీదులే," అంది. ఆ మోకాళ్ల సంగతి ఏసీ గదిలో టీ తాగుతూ తనే చెప్పాడు.

ఇంజను ఆపి బండిని తోసుకుంటూ నడిచాడు. రాబియా పక్కనే, కొంచెం కుంటుతూ, బండి మీద చెయ్యి వేయకుండా నడిచింది. దండలోని గులాబీ రేకులు రాలి రోడ్డు మీద పడుతున్నాయి. ఎదురుగా వచ్చిన ఎవరో స్కూటరు ఆపారు.

"కొత్త బండి మాదిరుండాదే. అప్పుడే పెట్రోలు అయిపోయిందా సాబ్?"

"ఊ," అన్నాడు నబీసాబ్. "అయిపోయింది."

మరుసటి రోజు పొద్దున కావ్య తాళాలు తీసి, అలవాటుగా వెనక షెడ్డులోకి తొంగి చూసింది. నీడలో బండి లేదు. పైపు చుట్ట చుట్టి ఉంది. గోడకు కొట్టిన రెండు మేకులకు నబీసాబ్ రబ్బరు బూట్లు బోర్లా వేలాడుతున్నాయి. రాత్రంతా నీళ్లు కారి కింద గచ్చు మీద రెండు తడి మచ్చలు ఆరుతున్నాయి. ఎడమకాలి బూటు మడమ దగ్గర, పంక్చరు అంగట్లో ట్యూబుకు వేసే నల్లటి రబ్బరు ముక్క ఒకటి గుండ్రంగా అతికించి ఉంది. దాని అంచు ఎక్కడా లేవలేదు.